గగనయానమునకు కావలసిన ఆంగ్లము

గన్నవరము పరిసర గ్రామములలో విమానము దిగుటను వింతగా చూచు రోజులు గతించినవి. నాట్లు వేయు స్త్రీలు సైతము తల యెత్తి చూచుట మానినారు. అయితే ఆ విమానము వరిచేల మీదుగా క్రిందికి వచ్చుచున్న ఆ కొద్ది నిమిషములలో దానిలోపల ఏమి జరుగుచున్నదో మనలో పలువురకు తెలియదు. పైలటు చెవులకు శబ్దము వినిపించు పరికరము తగిలించుకొని యుండును. విమానాశ్రయ గోపురములో కూర్చున్న కంట్రోలరు ఒక మాట చెప్పును. పైలటు ఆ మాటనే మరల అప్పగించును. కంట్రోలరు దానిని విని, తాను చెప్పినట్లే యున్నదని రూఢి చేసికొనును. ఈ సంభాషణ యంతయు ఆంగ్లమున జరుగును. ఒక్కొక్క పర్యాయము పట్టుమని పది మాటలుండవు. లోపల కూర్చున్న ప్రయాణికుల ప్రాణములు ఆ పది మాటల మీద ఆధారపడి యుండును.

కొన్ని మాసముల క్రిందట ప్రచార కార్యక్రమము నిమిత్తము నేనొక గ్రామమునకు వెళ్లియుంటిని. సభ ముగిసిన పిమ్మట ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చెను.

“అయ్యా, మావాడు ఇంటరులో లెక్కలు, ఫిజిక్సు బాగానే చదివాడండి. విమానాల దగ్గర ఉద్యోగం చేస్తానని కూర్చున్నాడు. మాదంతా తెలుగు చదువు. అక్కడ దొరల్లాగ ఇంగ్లీషు మాట్లాడాలంట గదండీ. వీడివల్ల అవుతుందంటారా?” అని ఆయన అడిగెను. కుమారుడు నేల చూపులు చూచుచు నిలుచుండెను. పట్టణములోని ఒక శిక్షణాలయమువారు ముప్పది దినములలో అమెరికా యాస నేర్పెదమని చెప్పి పెద్ద మొత్తమే అడిగినారట. డబ్బు కట్టుటకు తొందరపడవద్దనియు, విషయము కనుగొని వ్రాసెదననియు చెప్పి వచ్చితిని. నిజము చెప్పవలెనన్న, అప్పటికి ఈ విషయమున నా పరిజ్ఞానము ఆ రైతు పరిజ్ఞానము కంటె గొప్పది కాదు. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులను ఈ వ్యాసమున పొందుపరచుచున్నాను.

మొదట తెలిసికొనవలసిన సంగతి యేమనగా, విమానయానమున వాడు ఆంగ్లము దొరల ఆంగ్లము కాదు. ఇంగ్లండులో పుట్టినవాడైనను, అమెరికాలో పుట్టినవాడైనను దానిని ప్రత్యేకముగ నేర్చుకొనవలసినదే. ఇది మన గ్రామస్థులకు తెలియని పద్ధతి కాదు. అరక కట్టు రైతు కుడి యెద్దు, ఎడమ యెద్దు అనడు. వలపటెద్దు, దాపటెద్దు అనును. కళ్లములో ధాన్యము కొలుచువాడు మొదటి కొలతను ఒకటి యనక “లాభము” అనును. ప్రతి వృత్తిలోను ఏరి కూర్చుకొనిన మాటలు కొన్ని యుండును. ఆ పని చేయు వారందరును ఆ మాటలనే వాడుదురు. గగనయానమున ఈ ఏర్పాటు ప్రపంచమంతటికిని వర్తించును. అంతే భేదము.

ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినది?

రెండవ ప్రపంచ యుద్ధము ముగియక పూర్వమే, 1944 సంవత్సరము చివర, అమెరికాలోని చికాగో నగరమున పలు దేశముల ప్రతినిధులు సమావేశమై పౌర విమానయానమునకు సంబంధించిన ఒడంబడికను రూపొందించిరి. భారతదేశ ప్రతినిధులును అందులో పాల్గొనిరి. దానిననుసరించి 1947 ఏప్రిల్ 4వ తేదీన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లాంఛనముగ ఏర్పడినది. కెనడా దేశమున మాంట్రియల్ నగరము దాని కేంద్రము.

ఆకాశమున ఆంగ్లము తప్ప మరియొక భాష వినబడరాదని కొందరు అనుకొందురు. అది సరికాదు. భూమిమీది కేంద్రమువారు సాధారణముగ వాడు భాషలోగాని, ఆంగ్లములోగాని మాటలాడవచ్చునని నిబంధన. అయితే అంతర్జాతీయ మార్గములకు సేవచేయు కేంద్రములలో ఏ పైలటైనను ఆంగ్లమున మాటలాడుడని కోరినచో, ఆంగ్లమున బదులు చెప్పగలవారు ఉండి తీరవలెను. మన దేశమున ఇన్ని భాషలుండగా, విమానాశ్రయములలో రేడియో సంభాషణకు ఆంగ్లమే వాడుకలో నున్నది.

ఇక అక్షరముల సంగతి. ఆంగ్లాక్షరములలో బి, సి, డి, ఈ, జి, పి, టి, వి అనునవన్నియు ఒకే “ఈ” ధ్వనితో ముగియును. ఇంజను రొదలో, రేడియో గరగరలో ఏది బి, ఏది డి అని ఎవరు చెప్పగలరు? మన నోట ఇంకొక చిక్కు కూడ కలదు. అమెరికావారు చివరి యక్షరమును “జీ” యను ధ్వనికి దగ్గరగా పలుకుదురు. తెలుగు చెవికి అది ఏడవ యక్షరమైన “జి” వలెనే వినబడును. ఈ ఇబ్బందులను తొలగించుటకు ప్రతి యక్షరమునకును ఒక పేరు పెట్టిరి. 1956 మార్చి 1వ తేదీ నుండి అమలులో నున్న ఆ వరుస ఇది: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్, ఇండియా, జూలియెట్, కిలో, లీమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, కెబెక్, రోమియో, సియెర్రా, టాంగో, యూనిఫాం, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జూలూ.

మన దేశము పేరు ఈ వరుసలో తొమ్మిదవ స్థానమున నుండుట పాఠకులు గమనించియుందురు. మద్యపానమునకు వ్యతిరేకముగ అనేక సభలలో ఉపన్యసించిన నేను ఇరువది మూడవ మాటను ఇచ్చట వ్రాయక తప్పలేదు. భారతదేశమున నమోదైన విమానముల గుర్తు వి, టి అను రెండక్షరములతో ప్రారంభమగును. రేడియోలో దానిని “విక్టర్ టాంగో” యని పలుకుదురు.

అంకెలకును ఇట్టి దిద్దుబాటే జరిగినది. మూడును “ట్రీ” యనియు, నాలుగును “ఫోవర్” అనియు, అయిదును “ఫైఫ్” అనియు, తొమ్మిదిని “నైనర్” అనియు, వేయిని “టౌజండ్” అనియు పలుకవలెను. ఫైవ్, నైన్ అను రెండును ఒకదానినొకటి పోలి వినబడును గనుక ఆ మార్పు. పండ్ల నడుమ నాలుక నుంచి పలుకవలసిన ఆంగ్ల ధ్వని మనకు మాత్రమే గాదు, అనేక దేశములవారికి లేదు. నియమించిన ఉచ్చారణలో దాని జోలికే పోలేదు. తెలుగు బడిలో చదివిన పిల్లవాడు ఏ ధ్వని రాలేదని సిగ్గుపడునో, ఆ ధ్వని అక్కడ అక్కరలేదన్న మాట.

ఉదాహరణకు ఒక రన్‌వేను తూర్పుముఖముగ వాడునప్పుడు దాని సంఖ్య 09. ఒక కొననుండి చూచిన దిక్సూచి కోణమును పదితో భాగించగా వచ్చు అంకె అది. దానిని “నైన్” అనరు. “రన్‌వే జీరో నైనర్” అందురు. పడమటి ముఖముగ నైనచో “టూ సెవెన్”. ట్వంటీ సెవెన్ అనుట తప్పు.

“ఆఁ” అనుటలోని అపాయము

మనము పెద్దలు చెప్పు మాట వినుచు మధ్యమధ్య “ఆఁ, ఆఁ” అందుము. ఆ “ఆఁ” అనుటకు వినుచున్నానని అర్థమా, ఒప్పుకొంటినని అర్థమా, చేసెదనని అర్థమా? ముగ్గురకు మూడు విధములుగ తోచవచ్చును. పెండ్లి సంబంధముల విషయమున ఈ “ఆఁ” ఎన్ని తగవులకు కారణమైనదో గ్రామపెద్దలకు తెలియును. రేడియోలో ఈ మూడు అర్థములకును మూడు వేరు మాటలున్నవి. “రోజర్” అనగా నీవు చెప్పినది సాంతము నాకు అందినదని మాత్రమే అర్థము, సమ్మతించితినని కాదు. “విల్కో” అనగా అర్థమైనది, అట్లే చేసెదనని. “ఎఫర్మ్” అనగా అవును. కాదనుటకు “నెగటివ్”. పూర్వము అవుననుటకు “ఎఫర్మేటివ్” అనెడివారు; అది సగము తెగి వినబడినచో దాని చివరి భాగము “నెగటివ్” చివరి భాగము వలెనే యుండును గనుక కుదించిరి. “స్టాండ్ బై” అనగా ఆగుము, నేనే పిలిచెదనని. అది అనుమతియు కాదు, నిరాకరణయు కాదు.

వీని యన్నిటికంటె విలువైన మాట “సే అగైన్”. మరల చెప్పుమని దాని భావము.

అనుమతిని, ఎత్తును, దిశను, రన్‌వే సంఖ్యను పైలటు తప్పక తిరిగి చెప్పవలెను. తిరిగి చెప్పుట సగము పని. చెప్పినదానిని కంట్రోలరు శ్రద్ధగ వినుట తక్కిన సగము. ఈ రెండవ సగము లోపించినచో ఏమగునో 1989 ఫిబ్రవరి 19వ తేదీన మలేషియాలో తెలియవచ్చినది. కౌలాలంపూరు విమానాశ్రయమునకు వచ్చుచున్న ఫ్లయింగ్ టైగర్ కంపెనీ సరకు విమానమునకు 2,400 అడుగుల ఎత్తునకు దిగుమని కంట్రోలరు చెప్పెను. అయితే నియమిత పద్ధతిలో “టూ టౌజండ్ ఫోవర్ హండ్రెడ్” అనక, “టూ ఫోర్ జీరో జీరో” అని అంకెలు వరుసగ పలికెను. ఆంగ్లమున రెండు అను అంకెయు, “వరకు” అను అర్థమిచ్చు చిన్న మాటయు ఒకే విధముగ “టూ” అని వినబడును. నాలుగు వందల అడుగుల వరకు దిగుమన్నారని విమాన సిబ్బంది అనుకొనిరి. “ఫోర్ జీరో జీరో” అని తిరిగి చెప్పిరి కూడ. ఆ పొరపాటును క్రిందివారు పట్టుకొనలేదు. విమానము కొండను ఢీకొని నలుగురు సిబ్బందియు మరణించిరి. ఆ సిబ్బంది అమెరికావారు. ఆంగ్లము మాతృభాష యగుట వారిని కాపాడలేదు.

అంతకు పన్నెండు సంవత్సరముల పూర్వము, 1977 మార్చి 27వ తేదీన, స్పెయిన్ దేశమునకు చెందిన కానరీ ద్వీపములలో జరిగిన ఘోరమును విమానయాన విద్యార్థులందరును నేటికిని పాఠముగ చదువుదురు. పొరుగు ద్వీపపు విమానాశ్రయమున బాంబు ప్రేలుటచే పలు విమానములను టెనెరీఫ్ ద్వీపములోని చిన్న విమానాశ్రయమునకు మళ్లించిరి. నిలుపుటకు చోటు చాలక రన్‌వే మీదనే విమానములు నడువవలసి వచ్చినది. దట్టమైన మంచు క్రమ్మియుండెను. రన్‌వే ఒక కొనలో డచ్చి దేశపు కె.ఎల్.ఎం. కంపెనీ విమానము బయలుదేరుటకు సిద్ధముగ నిలిచెను. అదే రన్‌వే మీద, మంచులో కనుపించక, పాన్‌యామ్ కంపెనీ విమానము ఎదురుగ నడిచి వచ్చుచుండెను. గోపురమునకు ఈ రెండును కానరాలేదు. మిగిలినది మాట యొక్కటే.

ఎగిరిన తరువాత పోవలసిన మార్గమును గూర్చిన అనుమతి డచ్చి విమానమునకు అందినది. ఎగురుటకు అనుమతి మాత్రము ఇంకను అందలేదు. మార్గపు అనుమతిలో “టేకాఫ్” అను మాట దొరలినది. డచ్చి విమానపు సహపైలటు దానిని తిరిగి చెప్పుచు, చివర తాము “ఎట్ టేకాఫ్” అని ముగించెను. మేము బయలుదేరు స్థానమున నున్నామని దాని భావమని కంట్రోలరు గ్రహించెను. నిజమునకు విమానము కదలిపోవుచుండెను. కంట్రోలరు “ఓకే” యని, ఒక క్షణము ఆగి, నేను పిలుచువరకు ఆగుడని చెప్పెను. సరిగ ఆ క్షణముననే, మేమింకను రన్‌వే మీదనే యున్నామని పాన్‌యామ్ పైలటును పలికెను. విమాన రేడియోలో ఒకేసారి ఇద్దరు మాటలాడినచో ఇద్దరి మాటయు సరిగ వినబడదు. కీచుమను ధ్వని వచ్చును. డచ్చి విమానమునకు “ఓకే” వినబడినది. ఆగుమన్న మాటయు, ఎదుటనున్నామన్న మాటయు ఆ కీచుధ్వనిలో కలిసిపోయినవి. రెండు పెద్ద విమానములు ఢీకొని 583 మంది మరణించిరి.

అటు పిమ్మట నియమము మారినది. “టేకాఫ్” అను మాటను ఎగురుటకు నిజముగ అనుమతి ఇచ్చునపుడును, దానిని రద్దుచేయునపుడును తప్ప మరెప్పుడును పలుకరాదు. తక్కిన సందర్భములన్నిటను “డిపార్చర్” అనవలెను. మొదటినుండియు ఇట్లే యుండియుండిన! ఒక మాటను ఏరి ప్రక్కన పెట్టుటకు అంతమంది ప్రాణములు మూల్యమైనవి.

కంఠస్థము చేసిన మాటలు చాలునా?

ఇంతవరకు చదివిన విద్యార్థి, అట్లయిన ఈ రెండు మూడు వందల మాటలు వల్లించిన చాలునుగదా యని సంతోషించవచ్చును. చాలదు. అంతా సవ్యముగ నడచునంతవరకే ఆ మాటలు సరిపోవును. ఒక ప్రయాణికునకు గుండె నొప్పి వచ్చినపుడు, చక్రములు క్రిందికి దిగనపుడు, ఇంధనము తరిగినపుడు సొంతముగ వాక్యము కూర్చుకొని చెప్పవలసియుండును.

1990 జనవరి 25వ తేదీ రాత్రి కొలంబియా దేశపు ఏవియాంకా కంపెనీ విమానము న్యూయార్కు నగరమునకు వచ్చెను. వాతావరణము బాగుండక దానిని మొత్తము మీద గంటకు పైగా గాలిలోనే త్రిప్పిరి. ఇంధనము అయిపోవచ్చుచున్నది. కాప్టెను తన స్పానిష్ భాషలో, మనము ఆపదలో నున్నామని వారికి చెప్పుమని సహపైలటును ఆదేశించెను. సహపైలటు ముందుగ మాకు “ప్రయారిటీ” కావలెనని కోరెను; తరువాత ఇంధనము తరుగుచున్నదని చెప్పెను. “ఎమర్జెన్సీ” యను మాటగాని, “మేడే” యను మాటగాని పలుకలేదు. ఒకసారి క్రిందివారు, ఈ మార్గము మీకును మీ ఇంధనమునకును సరిపోవునా యని అడుగగా, సరిపోవుననుకొందునని మర్యాదగ బదులు చెప్పి కృతజ్ఞతయు తెలిపెను. కాప్టెను, చెప్పితివా యని అడుగగా, చెప్పితిననెను. విమానము ఇంధనము లేక లాంగ్ ఐలండులోని కోవ్ నెక్ అను చోట కూలిపోయెను. అందులోని 158 మందిలో 73 మంది మరణించిరి.

ఈ వృత్తాంతము చదివిన రాత్రి నాకు ఆ రైతు కుమారుడు జ్ఞప్తికి వచ్చెను. పెద్దలయెదుట, అధికారులయెదుట గొంతు తగ్గించి మాటలాడుట మన ఇండ్లలో వినయమని నేర్పుదుము. కార్యాలయమునకు వచ్చి, ఇంటిలో ప్రాణము మీదికి వచ్చినను, “తమరికి తీరికైనప్పుడు” అని మొదలుపెట్టువారిని నేను ఇరువది సంవత్సరములుగ చూచుచున్నాను. ఆ సహపైలటు మాటతీరు నాకు పరాయిదిగ తోచలేదు. ఆపద యున్నపుడు “మేడే” అని మూడుమారులు పలుకవలెను. 2012 నుండి ఇంధనపు ఆపదకు ప్రత్యేకముగ “మేడే, మేడే, మేడే ఫ్యూయల్” అనవలెనని అంతర్జాతీయ నిబంధనలలో చేర్చిరి. అందులో అయ్యా, దయచేసి యను మాటలకు చోటులేదు.

మన దేశమున 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామములపైన సౌదీ విమానమును, కజకిస్తాన్ విమానమును గాలిలో ఢీకొని రెంటిలోని 349 మందియు మరణించిరి. చెల్లాచెదరైన భాగములు పొలములలో పడినవి. ఢిల్లీకి వచ్చుచున్న కజక్ విమానమునకు 15,000 అడుగులు. ఢిల్లీ నుండి పోవుచున్న సౌదీ విమానమునకు 14,000 అడుగులు నియమించిరి. కజక్ విమానము తన హద్దు దాటి క్రిందికి దిగెను. అందులో కంట్రోలరుతో మాటలాడువాడు రేడియో ఆపరేటరు. విమానము నడుపువాడు వేరొకడు. విన్నవానికిని నడుపువానికిని నడుమ మాట సరిగ నడువలేదు. జస్టిస్ లాహోటీ విచారణలో ఆ సిబ్బంది ఆంగ్ల పరిజ్ఞానము చాలకపోవుటయు చర్చకు వచ్చినది. రాకపోకలకు ఒకే ఆకాశమార్గము ఉండుట మొదలగు ఇతర లోపములును అప్పుడు బయటపడి, తరువాత సవరింపబడినవి. తప్పంతయు భాష మీదనే త్రోయుట న్యాయము కాదు.

ఇట్టి అనుభవముల ఫలితముగ 2003 మార్చిలో అంతర్జాతీయ సంస్థ భాషా ప్రావీణ్య నిబంధనలను అంగీకరించినది. 2008 మార్చి 5వ తేదీ నుండి అమలు కావలసియుండగా, సిద్ధముకాని దేశములకు 2011 మార్చి వరకు గడువు ఇచ్చిరి. దీని ప్రకారము ప్రావీణ్యమును ఆరు అంతస్తులుగ విభజించిరి. అంతర్జాతీయ మార్గములలో పని చేయు పైలటునకును, కంట్రోలరునకును కనీసము నాలుగవ అంతస్తు కావలెను. ఉచ్చారణ, వాక్యనిర్మాణము, పదసంపద, ధారాళత, గ్రహణశక్తి, సంభాషణ నిర్వహణ అను ఆరింటిని పరీక్షింతురు. అయిదింటిలో అయిదవ అంతస్తు వచ్చి, ఒక్కదానిలో మూడవది వచ్చినచో మొత్తము మీద మూడవదిగనే లెక్కింతురు. సగటు తీయరు. నాలుగవ అంతస్తువారిని మూడు సంవత్సరములకొకమారు, అయిదవ అంతస్తువారిని ఆరు సంవత్సరములకొకమారు మరల పరీక్షింపవలెనని సిఫార్సు.

ఆ రైతు ప్రశ్నకు జవాబు ఇక్కడ నున్నది. నాలుగవ అంతస్తు వర్ణనలో, మాతృభాష ప్రభావము ఉచ్చారణ మీద నుండవచ్చుననియు, అది అప్పుడప్పుడు మాత్రమే వినువారికి కష్టము కలిగించవచ్చుననియు స్పష్టముగ నున్నది. తెలుగు యాస అడ్డు కాదు. అమెరికా యాసకు మార్కులు లేవు. నిమిషమునకు నూరు మాటలకు మించకుండ, ఒకే వేగముతో, స్పష్టముగ మాటలాడుమనియే నిబంధన. పట్టణపు శిక్షణాలయమువారు గడగడ మాటలాడుట నేర్పెదమనిరట. దానిని మాన్పించుటకు మరల వేరొకచోట డబ్బు కట్టవలసివచ్చును.

తెలుగువారు జాగ్రత్తపడవలసినవి

మన వాడుకలో నిజముగ దిద్దుకొనవలసినవి కొన్ని యున్నవి. వానిలో ముఖ్యమైనది వ్యతిరేక ప్రశ్న. “నీవు ఇంకా బయలుదేరలేదా?” అని అడిగినచో, బయలుదేరనివాడు తెలుగున “ఆఁ, లేదు” అనవచ్చును. ఆంగ్లమున అదే సందర్భములో “నో” అనవలెను. “ఎస్” అన్నచో బయలుదేరితినని కొందరు అర్థము చేసికొందురు. అందుచేత ఎదుటివాని మాటకు అవును, కాదు అని ఊరకుండక, పూర్తి సంగతి చెప్పు అలవాటు చేసికొనవలెను. రెండవది “రైట్” అను మాట. కుడి యని ఒక యర్థము, సరియని ఇంకొక యర్థము. సరియనుటకు రేడియోలో “కరెక్ట్” అనవలెను. మాట చివర “ఉ” చేర్చి “లెఫ్టు, గేటు” అనుట, మాట మొదట “య” చేర్చి “యెయిట్” అనుట మన అలవాట్లు. మాట వేరొక మాటగ మారనంతవరకు ఇవి పెద్ద దోషములు కావు. సాధనచే తగ్గించుకొనిన మంచిది.

అర్థము కానిచో మరల అడుగుట వీనియన్నిటికంటె కష్టము. బడిలో రెండవమారు అడిగినచో ఉపాధ్యాయుడు కోపగించుననియు, తోటివారు నవ్వుదురనియు పిల్లలు తలయూచి ఊరకుందురు. నేనును అట్లే ఊరకుండి ఆంగ్ల వ్యాకరణమున సగము నేర్వకయే పట్టభద్రుడనైతిని. గగనయాన పరీక్షలో అడుగువానికి మార్కులు తగ్గవు. సంభాషణ నిర్వహణ యను అంశమున, సందేహము వచ్చినపుడు అడిగి రూఢి చేసికొనుటయే నాలుగవ అంతస్తువానికి ఉండవలసిన లక్షణముగ చెప్పబడినది.

సాధన ఇంటివద్దనే ప్రారంభింపవచ్చును. ఇద్దరు కావలెను. ఒకరు తెర చాటున గాని, గోడకు ఆవల గాని కూర్చుండి ఒక ఎత్తు, ఒక దిశ, ఒక రన్‌వే సంఖ్య చదువవలెను. రెండవవారు కాగితము మీద వ్రాసికొని తిరిగి చెప్పవలెను. ముఖము కనబడరాదు. ముఖము కనబడినచో చెవి సోమరిపోవును. పిండిమర ప్రక్కనో, నడచుచున్న మోటారు ప్రక్కనో కూర్చున్న మరియు మంచిది. పత్రికలోని ఒక చిత్రమును చూచి అందులో జరుగుచున్నదానిని చిన్న చిన్న ఆంగ్ల వాక్యములలో ఒక నిమిషము పాటు వర్ణించుట మరియొక సాధన. ఆపదలో కావలసిన సొంత వాక్యము దీనివలన వచ్చును. పొగ, మంట, కంపనము, కారుట, పగులుట, వాపు, రక్తస్రావము మొదలగు వానికి ఆంగ్ల పదములు ముందుగ నేర్చుకొనవలెను. కథలు, కవిత్వము తరువాత చదువవచ్చును.

విమానములను మరమ్మతు చేయు మెకానిక్కులకు మాటలాడుట కంటె చదువుట ముఖ్యము. వారి నిమిత్తము ఐరోపా విమాన పరిశ్రమవారు 1980 దశకమున సరళమైన సాంకేతిక ఆంగ్లమును రూపొందించిరి. ఒక మాటకు ఒకే అర్థము. “ఫాలో” అనగా వెనుక వచ్చుట మాత్రమే. ఆజ్ఞను పాటించుటకు “ఒబే” అను వేరు మాట వాడవలెను. చేయవలసిన పనిని చెప్పు వాక్యము ఇరువది మాటలకు మించరాదు. తెలుగు మాధ్యమమున చదివి ఈ వృత్తిలో ప్రవేశించువారికి ఇది వరము వంటిది.

శిక్షణ విషయమున రెండు మాటలు. కంట్రోలర్లకు శిక్షణ ఇచ్చు భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ కళాశాల ప్రయాగరాజులో నున్నది. హైదరాబాదు బేగంపేటలోను ఆ సంస్థవారి శిక్షణ కేంద్రము కలదు. ఉద్యోగమునకు ఎంపికయైనవారికి అక్కడ వృత్తిభాషను నేర్పుదురు. పైలటు కాగోరువారు రేడియోలో మాటలాడుటకు వేరుగ ఒక యోగ్యతాపత్రము పొందవలెను. 2025 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమము ప్రకారము, దానిని ఇచ్చు అధికారము కమ్యూనికేషన్ల శాఖ నుండి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు మారినది. ఏ శిక్షణాలయమున డబ్బు కట్టుటకు ముందైనను, వారిచ్చు సర్టిఫికేటునకు ఆ డైరెక్టరేటు గుర్తింపు కలదా యని విచారించుట మరువరాదు.

ఈ వివరములను ఆ రైతునకు ముందే ఫోనులో చెప్పియుంటిని. మొన్న ఆయన మరల పిలిచెను. కుమారుడును, తొమ్మిదవ తరగతి చదువు చెల్లెలును ప్రతి సాయంకాలము వసారా గోడకు అటొకరు ఇటొకరు కూర్చుండి అంకెలు చెప్పుకొనుచున్నారట. ఆ పిల్ల అప్పుడప్పుడు కావలెనని ఒక అంకెను మింగి చదువునట. వాడు “సే అగైన్” అనక ఊహించి వ్రాసినచో, ఆ నాటికి వాడు ఓడినట్లు లెక్కయట.

“ఎక్కువగా మా అమ్మాయే నెగ్గుతోందండి. దానికీ ఈ చదువు పనికొస్తుందంటారా?” అని అడిగెను. తప్పక పనికివచ్చుననియు, పరీక్షలు ఇద్దరికిని ఒకటేననియు చెప్పితిని.